‘ఎవరు చేసిండ్రు?’ అనే మాట ముందు మా చర్చిల్లో ఆగాలి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పేపర్ జిల్లా పేజీలో ఏడాదికి రెండు మూడుసార్లైనా ఒక వార్త వస్తుంది. మూలకు, నాలుగైదు లైన్లు. బాణామతి చేస్తున్నాడని ముసలాయన మీద దాడి, చేతబడి నెపంతో మహిళను స్తంభానికి కట్టేసి కొట్టారు, అట్లాంటిది. ఓసారి నల్లగొండ వైపు ఊరు, ఓసారి నాగర్‌కర్నూలు, ఓసారి వికారాబాద్. ఊరు మారుతుంది, వార్త అదే. చదివి ‘అయ్యో’ అనుకుని పేజీ తిప్పేస్తాం. నేను కూడా ఇన్నేళ్లు తిప్పేశాను. ఇప్పుడు రాయాలనిపించి రాస్తున్నాను, పొడుగైతే కోసి వేసుకోండి, కానీ మా చర్చిల గురించి రాసిన భాగం మాత్రం కోయకండి, అసలు ఈ ఉత్తరం దాని కోసమే.

దేవరకొండ వైపు ముప్పై ఆరేళ్లు ఏఎన్ఎంగా పనిచేశాను. 1981లో సబ్‌సెంటర్‌లో చేరాను, 2017లో రిటైరయ్యాను. టీకాలు, కాన్పులు, టీబీ గోలీలు, ఎండలో తండాలకు నడక, అదీ నా ఉద్యోగం. మా తాత కాలం నుంచి క్రైస్తవులం. ఈ రెండు సంగతులూ ముందే చెప్తున్నాను, ‘ఈమెకేం తెలుసు’ అని ఒకరు, ‘మన దేవుళ్లను తిట్టడానికి రాసింది’ అని ఇంకొకరు అనకుండా. తిట్టడమే అయితే నేను తిట్టేది మా వాళ్లను. నన్ను కూడా కలుపుకుని.

ఊర్లో ఎవరికైనా పానం బాగలేదంటే మేము మొదట అడిగేది ‘ఎన్ని రోజుల సంది?’ అని. ఇంట్లో వాళ్లు అడిగేది ‘ఎవరు చేసిండ్రు?’ అని. నా సర్వీసంతా ఈ రెండు ప్రశ్నల కొట్లాటలోనే గడిచింది. మొదటిదానికి జవాబు దొరికితే గోలీ దగ్గరికో పెద్దదవాఖాన దగ్గరికో పోతాం. రెండోదానికి జవాబు వెతికితే ఎప్పుడూ ఒక మనిషి ఇంటి ముందే తేలుతాం. మంత్రగాడు ఆ మనిషి పేరు చెప్పడు, వాడు తెలివైనవాడు. ‘మీ ఇంటికి తూర్పున ఉంటది, నల్లగ ఉంటది, ఈ మధ్య మీ తాన ఏదో అడగడానికి వచ్చి ఉంటది’ అంటాడు. మిగతాది మనమే నింపుకుంటాం. తూర్పున ఎవరో ఒకరు ఉండనే ఉంటారు కదా. భర్త పోయిన ముసలామె అయితే సులువు, అడ్డుపడే కొడుకు కూడా లేకపోతే మరీ సులువు, ఇక చెట్టు మందులు తెలిసిన మనిషైతే సాక్ష్యం కూడా అక్కర్లేదు.

అట్లా దొరికిన వాళ్లను ఏం చేస్తారో మీ విలేకరులకు నాకంటే బాగా తెలుసు. పళ్లు పీకుతారు. ఎందుకు పళ్లే అంటే, పళ్లు పోతే మాట సరిగా పలకదు, మాట పలకకపోతే మంత్రం పారదు అని నమ్మకం. కట్టుడు పళ్లు పెట్టించుకుంటే మళ్లీ పారుతుందా అని ఒకసారి ఒక ఊర్లో అడిగాను. ఎవరూ నవ్వలేదు.

బాణామతి తగిలిందని నాకు చూపించినవాళ్లలో ఎక్కువ మంది ఆడవాళ్లే. కుక్కలా మొరగడం, పళ్లు గిట్టకరుచుకోవడం, జుట్టు విరబోసుకుని ఊగడం, ఒంటి మీద గీతలు. అదంతా నాటకం అని నేను అనను, ఆ పిల్లల మొహాలు దగ్గర నుంచి చూశాను. మొగుడు బొంబాయికో పుణెకో మట్టిపనికి పోయి ఎనిమిది నెలలు, చేతిలో పైసల్లేవు, అత్తతో పడదు, ఒంట్లో రక్తం లేదు. ‘నాకు కష్టంగా ఉంది’ అంటే వినే దిక్కు లేదు, అదే మొరిగితే ఊరంతా వాకిట్లోకి వస్తుంది. ఒకామె మొరిగిన వాడలోనే వారం తిరక్కముందే ఇంకో ఇద్దరు మొరగడం చూశాను, ఆ ఇద్దరి మొగుళ్లూ వలసలోనే ఉన్నారు. వాళ్లకు కావాల్సింది మానసిక వైద్యుడు, రక్తం పెరిగే గోలీలు, ఇంట్లో కొంచెం నెమ్మది. దొరికింది వేపమండల దెబ్బలు, మిరపకాయల పొగ.

పాముకాటు సంగతి ఇంకొకటి. మంత్రం వేయించినవాళ్లు చాలామంది బతుకుతారు, అది అబద్ధం కాదు, మంత్రానికి పేరు వచ్చిందే అందుకు. మన చేలల్లో తిరిగే పాముల్లో విషం లేనివే ఎక్కువ, విషమున్నది కరిచినా ప్రతిసారీ విషం ఎక్కించదు. కానీ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర, ఈ నాలుగూ నిజంగా విషం ఎక్కిస్తే మంత్రం పారదు, మనిషీ దక్కడు. నాలుగింటికీ కలిపి ఒకటే విరుగుడు మందు ఉంది, సర్కారు దవాఖానలో పైసా తీసుకోరు. అందులో కట్లపాము మరీ మోసం. రాత్రి కింద పడుకున్నవాళ్లను కరుస్తుంది, చీమ కుట్టినంత కూడా తెలియదు, తెల్లారేసరికి కడుపునొప్పి అంటారు, కనురెప్పలు వాలిపోతుంటాయి. ‘గాలి సోకింది’ అని ఆ వాలిన కళ్ల మీద విభూతి పెట్టి మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టిన ఇంటికి నేను పోయేసరికి పిల్లవాడికి మాట పోయింది, ఊపిరి సగం పోయింది. పద్నాలుగేళ్లు వాడికి. జీపు దొరికింది గాని దవాఖాన దాకా రాలేదు వాడు.

పచ్చకామెర్లకు చేతి మీద వాతలు, పసిపిల్ల పొట్ట మీద వాతలు, కడుపులో ఎవరో మందు పెట్టారని పసరు తాగించి కక్కించడం, అవన్నీ రాస్తూ పోతే మీ ఆదివారం పుస్తకం కూడా చాలదు. గ్రహణం ఒక్కటి చెప్తాను. పెదవి చీలి పుడితే మన భాషలోనే దానికి గ్రహణం మొర్రి అని పేరు పెట్టేశారు, ఇక ఆ తల్లి తప్పించుకునేదెట్లా? కత్తెర పట్టుకున్నావా, కూరగాయలు కోశావా, బయటికి చూశావా అని బిడ్డ పెళ్లీడుకొచ్చేదాకా అడుగుతూనే ఉంటారు. మొర్రికి ఆపరేషన్ ఉంది. ఆ ప్రశ్నలకు లేదు. 2019 డిసెంబర్ 26 గ్రహణం నాడు మన పక్కనే కలబురగి దగ్గర అవిటి పిల్లలను మెడ దాకా మట్టిలో పాతిపెట్టారు, నయమవుతుందని. అటు మక్తల్, నారాయణపేట వైపు ఆడపిల్ల జుట్టు జడలు కడితే ఎల్లమ్మ పిలిచిందని జోగినిగా, అంటే దేవతకు అంకితమని, ఇచ్చేసేవాళ్లు, 1988లో చట్టం పెట్టి నిషేధించాల్సి వచ్చింది. దువ్వెన, నూనె పెట్టాల్సిన చోట పిల్ల బతుకు పెట్టారు.

ఇక మన ఫ్లోరైడ్. నల్లగొండలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. మర్రిగూడ, మునుగోడు వైపు వంగిన నడుములు, వంకర కాళ్లు, గార పట్టిన పళ్లు చూస్తూ పెరిగాం. ‘పోయిన జన్మల ఏం పాపం చేసిండో’ అని ఆ పిల్లల ముందే అనేవాళ్లు. మా చర్చిలో పోయిన జన్మ అనరు, ‘పితరుల శాపం’ అంటారు. మాట మారింది, అంతే. తీరా చూస్తే పాపం చేసింది బోరు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, మన రాళ్లలోంచి వచ్చే బోరు నీళ్లలో అది దాటి ఎన్నోరెట్లు ఉండేది, ఏళ్ల తరబడి తాగితే ఎముకకు పట్టేది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఆ ఫ్లోరైడ్‌ను తీసేసే పద్ధతిని నాగపూర్ శాస్త్రవేత్తలు తయారుచేస్తే దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు వచ్చింది, ఆఫ్రికా దేశాల్లో కూడా దాన్ని మన ఊరి పేరుతోనే పిలుస్తారు. తర్వాత కృష్ణా నీళ్లు వచ్చాయి. పితరుల శాపానికి విరుగుడు పటిక, సున్నం, నల్లా అని ఏ పాస్టరూ చెప్పలేదు మాకు.

యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం మావాళ్లందరికీ నోటికొచ్చు. దారిలో పుట్టుగుడ్డి ఒకడు కనిపిస్తాడు. శిష్యులు అడిగింది అచ్చం మన ఊరి ప్రశ్నే, వీడు గుడ్డివాడిగా పుట్టడానికి ఎవరు పాపం చేశారు, వీడా, వీడిని కన్నవాళ్లా? వీడూ కాదు, కన్నవాళ్లూ కాదు అన్నాడు యేసు ప్రభువు. ఆ మాటతో ఆ విచారణ అక్కడికి బంద్ చేసి, ఆ మనిషికి చేయాల్సిన పని మొదలుపెట్టాడు. లూకా పదమూడులో కూడా అంతే, సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోతే, వాళ్లు మిగతావాళ్లకంటే పాపులని అనుకుంటున్నారా, కాదు అన్నాడు. రెండుసార్లు ఇంత స్పష్టంగా చెప్పాక కూడా మేము పీఠం ఎక్కి అదే ప్రశ్న అడుగుతున్నామంటే మేము ఎవరి శిష్యులమో నాకు అర్థం కాదు.

ఇప్పుడు నా సంగతి. దీని కోసమే పెన్ను పట్టుకున్నాను, ఇంతసేపూ చుట్టూ తిరుగుతున్నాను.

మా పెద్దమ్మ, మా అమ్మకు సొంత అక్క, మా ఊర్లోనే ఉండేది. పెద్దనాయన చనిపోయాడు, ఉన్న ఒక్క బిడ్డను పట్నంలో ఇచ్చారు. పెద్దమ్మకు ఆకులు తెలుసు, పసరు తెలుసు. పిల్లలకు దగ్గొస్తే, బాలింతకు పాలు పడకపోతే ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు, నేను మందుల సంచితో తిరుగుతుంటే ‘నీ గోలీలకు నా ఆకులకు పోటీ పెడదామా బిడ్డా’ అని ఏడిపించేది. 1990ల మొదట్లో ఆ వీధిలో ఒకరి బర్రె చచ్చిపోయింది, నెల తిరక్కుండా వాళ్ల ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఫిట్స్ మొదలయ్యాయి. వాళ్లూ మా చర్చివాళ్లే. ఆ పిల్లవాడి కోసం మా ఇంట్లో శుక్రవారం ప్రార్థన పెట్టాం. బయటి ఊరి నుంచి ఒక సేవకుడు, అంటే బోధకుడు, వచ్చాడు. అందరం కళ్లు మూసుకున్నాం. ఆయన చాలాసేపు భాషలు మాట్లాడి, అంటే ఎవరికీ అర్థం కాని మాటలతో ప్రార్థన చేసి, తర్వాత అన్నాడు, ఈ వీధిలోనే ఒక స్త్రీ, మూలికలు తెలిసిన స్త్రీ, ఈ బిడ్డ మీద కీడు చేసింది, ప్రభువు నాకు చూపిస్తున్నాడు అని. ‘ఆమెన్’ అన్నారు అందరూ. పెద్దమ్మ కూడా అన్నది. నా పక్కనే కూర్చుంది, గట్టిగా అన్నది, ఆయన చెప్తున్నది తన గురించేనని ఆమెకు తట్టలేదు.

నేను కళ్లు తెరిచేసరికి అందరూ ఆమెనే చూస్తున్నారు.

నాకు ఫిట్స్ అంటే ఏమిటో తెలుసు. ఆ పిల్లవాడిని అంతకుముందు రెండుసార్లు చూశాను, ఒకసారి నా చేతుల్లోనే వచ్చింది. సర్కారు జీతం తీసుకునే మనిషిని, నేను లేచి ‘ఇది ఫిట్స్, దీనికి గోలీలున్నాయి’ అంటే సగం మందైనా వినేవాళ్లు. అనలేదు. సేవకుడి ముందు ఎట్లా అనాలి అనుకున్నాను, నా బిడ్డలు చిన్నవాళ్లు, నన్ను కూడా అంటారేమో అనుకున్నాను, ఏవేవో అనుకున్నాను. వచ్చినవాళ్లకు చాయ్ పోశాను.

పెద్దమ్మను ఎవరూ కొట్టలేదు, పళ్లు పీకలేదు, కాబట్టి అది వార్త కాలేదు. పిల్లలను ఆమె వాకిట్లోకి పోనియ్యడం మానేశారు. బాయి దగ్గర ఆమె చేదితే ఇంకొకరు ఆగి, నీళ్లు పారబోసి చేదేవాళ్లు. రాత్రిళ్లు కప్పు మీద రాళ్లు. చర్చిలో ఆమె కూర్చున్న చాప మీద ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. నాలుగు నెలలు చూసి పట్నంలో బిడ్డ దగ్గరికి పోయింది, పదేళ్లకు అక్కడే చనిపోయింది, మళ్లీ ఊరికి రాలేదు. ఒకసారి నేను పోయినప్పుడు అన్నది, ‘ఆ రోజు నేను గూడ ఆమెన్ అన్న గదనే’ అని. నవ్వుతూనే అన్నది.

ఆ పిల్లవాడిని తర్వాత నేనే నల్లగొండ తీసుకపోయి చూపించాను. గోలీలు మూడేళ్లు వాడాడు, ఫిట్స్ ఆగిపోయాయి. ఇప్పుడు కొండమల్లేపల్లిలో కిరాణం షాపు పెట్టుకున్నాడు, కనిపిస్తే వందనాలమ్మా అని లేచి నిలబడతాడు, నాకు వాడి మొహం చూడబుద్ధి కాదు.

అప్పుడు ఒక ఊర్లో ఒక ఇంట్లో జరిగింది ఇప్పుడు మైకుల్లో జరుగుతోంది, ఫోన్లలో లైవ్ వస్తోంది. ‘మీ మీద ఎవరో చేతబడి చేశారు, మీ ఇంటి గడప కింద ఏదో పాతిపెట్టారు, నేను బంధకాలు తెంపుతాను’ అని చెప్పే బోధకులు ఊరికొకరు. మంత్రగాడు ఎవరో చేశారని అంటాడు, మావాడూ ఎవరో చేశారనే అంటాడు. మంత్రగాడు నిమ్మకాయ ఇస్తాడు, మావాడు నూనె బుడ్డి ఇస్తాడు. ఇంటికి పోయిన మనిషి మాత్రం రెండు చోట్ల నుంచీ ఒకటే అనుమానం తీసుకుపోతాడు, పక్కింటామె మీద. బాణామతి లేదని చెప్పాల్సిన నోటితో మేము దానికి స్టాంపు వేసి పంపిస్తున్నాం.

నా చివరి సంవత్సరాల్లో టీబీ గోలీలు వేసుకుంటున్న ఒక అమ్మాయి రెండో నెలలో మానేసింది. ఆరు నెలలు వేసుకోవాలి అవి. స్వస్థత సభలో ‘ఇంకా గోలీ మింగుతున్నావంటే నీకు విశ్వాసం లేదన్నమాట’ అన్నారట. అయిదు నెలల తర్వాత రక్తం కక్కుతూ వచ్చింది, అప్పటికి మామూలు మందులు పనిచేయని టీబీ అయింది. నాకు కోపం వచ్చి ఆ రాత్రి మత్తయి నాలుగు తీసి చదివాను. దేవాలయం మీద నుంచి దూకు, దేవదూతలు పట్టుకుంటారు, వాక్యంలో రాసి ఉంది కదా అని యేసు ప్రభువుతో అన్నది ఎవరు? సాతాను. దేవుణ్ణి పరీక్షించకూడదు అని ప్రభువు దూకలేదు. గోలీ మానేసి దేవుడు పట్టుకుంటాడేమో చూడు అని చెప్పే ప్రసంగం ఆ ఇద్దరిలో ఎవరిదో మావాళ్లే చెప్పాలి.

బైబిల్లోనే హిజ్కియా రాజు సంగతి కూడా ఉంది. చావు రోగం వచ్చింది, ప్రార్థన చేశాడు, ఇంకో పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తానని దేవుడే మాటిచ్చాడు. అయినా యెషయా ప్రవక్త ఏమన్నాడు, అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టమన్నాడు. దేవుడు మాటిచ్చాక కూడా కట్టు కట్టారు! అదే హిజ్కియా ఇంకో పని చేశాడు. మోషే చేసిన ఇత్తడి పామును, దేవుడు చెప్తేనే చేసినదాన్ని, జనం ధూపం వేసి మొక్కుతున్నారని ముక్కలు ముక్కలు చేయించాడు. మా నూనె బుడ్లు, ప్రార్థన నీళ్లు, దిండు కింద పెట్టుకునే బైబిళ్లు, తాయెత్తు తీసేసి ఆ దారానికే కట్టుకున్న సిలువలు చూస్తే ఆయన ఏం చేసేవాడో.

‘మరి యేసు దయ్యాలను వెళ్లగొట్టలేదా, నువ్వు బైబిల్నే కాదంటున్నావా’ అని నన్ను చాలామంది అడిగారు. వెళ్లగొట్టాడు, కాదనను. నేను చెప్పేది రెండు. మత్తయి నాలుగు చివర్లో ప్రభువు దగ్గరికి తెచ్చినవాళ్ల జాబితాలో దయ్యం పట్టినవాళ్లు వేరు, చాంద్రరోగులు, అంటే ఫిట్స్ వచ్చేవాళ్లు, వేరు, పక్షవాతం వాళ్లు వేరుగా రాశారు. అన్నిటినీ ఒకే గాటికి కట్టింది మేము. రెండోది, నాలుగు సువార్తలు ఎన్నిసార్లు తిరగేసినా ఒక్క చోట కూడా ఈ దయ్యాన్ని పంపింది మీ వదిన, మీ పాలివాడు, ఆ చివరింటి ముసల్ది అని ప్రభువు అనలేదు. ఎవరు పంపారని అడగనుకూడా లేదు. మార్కు తొమ్మిదిలో ఒక తండ్రి కొడుకును తెస్తాడు, నురగ కక్కుతూ, పళ్లు కొరుకుతూ, నిప్పుల్లో నీళ్లలో పడిపోయే పిల్లవాడు. ప్రభువు ఆ తండ్రిని అడిగిన ప్రశ్న ఏంటో తెలుసా? ఇది వీడికి వచ్చి ఎంతకాలమైంది అని. చిన్నప్పటి నుంచి అన్నాడు తండ్రి. ఎన్నో ఏళ్లుగా చదివిన వాక్యం, రిటైరయ్యాక ఒకరోజు చదువుతుంటే కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాను. ఎన్ని రోజుల సంది? అది మా ప్రశ్న. శుక్రవారం నాడు మా ఇంట్లో నేను అడగాల్సిన ప్రశ్న.

మా పెద్దలకు ఇది కొత్త కూడా కాదు. పాలమూరు వైపు వచ్చిన మెన్నోనైట్ అనే క్రైస్తవ శాఖ మిషనరీలు చర్చితో పాటు దవాఖాన కూడా కట్టారు, జడ్చర్ల మిషన్ దవాఖానలో పుట్టినవాళ్లు మీ పాఠకుల్లోనే చాలామంది ఉంటారు. శంషాబాద్‌లో డాక్టర్ కేథరీనా షెల్లెన్‌బర్గ్ 1945లో చనిపోయేదాకా వైద్యం చేస్తూనే ఉంది. ఆ మనుషులు మోకాళ్ల మీద ప్రార్థన చేసి, లేచి చేతులు కడుక్కుని సూది పట్టుకున్నారు. మేము ప్రార్థన దగ్గరే ఆగిపోయాం, సూదిని అవిశ్వాసం అంటున్నాం.

ఇక మీకు కూడా ఒక మాట, ఏమనుకోకండి. ‘బాణామతి కలకలం’ అని హెడ్డింగ్ పెట్టకండి. అది చదివినవాడికి బాణామతి ఉంది, కలకలం కూడా ఉంది అనే అర్థమవుతుంది. జరిగింది దాడి, దాడి అనే రాయండి. తెలుగు పేపర్ల చిన్న ప్రకటనల్లో వశీకరణం, శత్రునాశనం, సంతానప్రాప్తి గ్యారంటీ అని ఫోన్ నంబర్లతో సహా వస్తాయి కదా, తాయెత్తులతో, మంత్రాలతో, కవచాలతో రోగాలు పోతాయని ప్రకటన ఇవ్వడం నేరమే, దానికి 1954 నాటి కేంద్ర చట్టం ఉంది. అదే చట్టం మా స్వస్థత సభల పోస్టర్లకు కూడా వర్తించదా అని ఎవరైనా అడిగితే నాకేం అభ్యంతరం లేదు. ఇంకా చెప్పాలంటే మహారాష్ట్రలో 2013లో, కర్ణాటకలో 2017లో వీటి మీద ప్రత్యేక చట్టాలు చేశారు. పాము కరిచినవాడిని దవాఖానకు పోనియ్యకుండా మంత్రం వేయడం కూడా మహారాష్ట్ర చట్టంలో నేరమే. మన రాష్ట్రంలో అట్లాంటి చట్టం లేదు. కృష్ణా బ్రిడ్జి దాటి రాయచూరు వైపు పోతే ఒక రకం, ఇవతలికి వస్తే ఇంకో రకం. మన ఎమ్మెల్యేలు ఎన్నికలప్పుడు గుడికీ వస్తారు, చర్చికీ వస్తారు, ఈ సంగతి ఒకసారి రాసి అడగండి.

మొన్న మా మనవరాలు ఒకటి చదివి చెప్పింది. అమెరికాలో సేలం అనే ఊర్లో 1692లో మంత్రగత్తెలని అనుమానించి పందొమ్మిది మందిని ఉరి తీశారట, విచారణకు ఒప్పుకోని ఒక ముసలాయన మీద బండలు పేర్చి చంపారట. తీసింది క్రైస్తవులే, రోజూ వాక్యం చదివేవాళ్లే. తీర్పు చెప్పినవాళ్లలో సామ్యూల్ సూవల్ అనే జడ్జి ఉన్నాడు. ఐదేళ్లు తిరక్కముందే, 1697 జనవరిలో, తన తప్పు ఒప్పుకుంటూ కాగితం రాసి, చర్చిలో పాస్టరుకు ఇచ్చాడు. పాస్టరు దాన్ని అందరి ముందూ చదువుతుంటే ఆయన తన చోట లేచి నిలబడి ఉన్నాడట, చదవడం అయ్యేదాకా.

ఆయనకు ఐదేళ్లు కూడా పట్టలేదు, నా తప్పు ఒప్పుకోవడానికి నాకు ముప్పై ఏళ్లు దాటింది. పెద్దమ్మ గురించి పైన రాసిన భాగం వరకు ఒక కాగితం మీద విడిగా రాసి, పోయిన ఆదివారం మా పాస్టరు గారి చేతికిచ్చాను, ఆరాధనలో చదవండి, నేను నిలబడతాను అని. ఆ రోజు మా ఇంట్లో ఆమెన్ అన్నవాళ్లలో ఆరుగురు ఇంకా మా చర్చికి వస్తారు. పాస్టరు గారు కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. పెద్దలతో మాట్లాడి చెప్తానన్నారు, ఇంకా ఏమీ చెప్పలేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఎన్ఎం,
దేవరకొండ, నల్లగొండ జిల్లా